పొక్కులు ఎండేదాకా

మా చర్చి అరసవల్లి వెళ్ళే రోడ్డు పక్క సందులో ఉంటుంది. వేసవి సెలవుల్లో అక్కడ పిల్లలకి శిబిరం పెడతాం. పొద్దున్నే వచ్చి పాటలు పాడి, బొమ్మలు వేసి, మధ్యాహ్నం అన్నం తిని ఇళ్ళకి వెళ్తారు. సంఘం పిల్లలే కాదు, చుట్టుపక్కల కూలికి పోయేవాళ్ళ పిల్లలు కూడా వస్తారు. వాళ్ళ తల్లిదండ్రులకి మా పాటల కంటే పిల్లలు ఎండలో తిరగకుండా ఒక పూట నీడన ఉంటారన్నదే ముఖ్యం. ఆ సంగతి మాకూ తెలుసు. నేను బడిలో టీచర్ని కాబట్టి చిన్నపిల్లల గుంపు ఏటా నాకే అప్పగిస్తారు.

రెండేళ్ళ కిందట నాకు సాయంగా మా తమ్ముడి భార్య వచ్చింది. అప్పుడామెకి ఐదో నెల. అంతకు ముందు ఒకసారి కడుపు నిలవలేదు. ఇంట్లో ఒక్కర్తీ కూర్చుంటే భయం పట్టుకుంటోందని, పిల్లల మధ్య ఉంటే కాస్త తేలికగా ఉంటుందని తనే అడిగింది. సరే రమ్మన్నాను. ఆడపిల్లలకి జడలు వేసేది, రంగు కాగితాలు కత్తిరించి ఇచ్చేది.

ఒక పిల్ల ఎప్పుడూ ఆమెని అంటిపెట్టుకుని ఉండేది. ఏడెనిమిదేళ్ళుంటాయి. తండ్రి చెన్నైలో ఇళ్ళ కట్టుబడి పనికి వెళ్ళాడు. తల్లి అరసవల్లిలో ఒక లాడ్జిలో గదులు ఊడ్చి, దుప్పట్లు ఉతుకుతుంది. పిల్ల గొంతు బాగుంటుందని శిబిరం ఆఖరి రోజు పాడే పాట దానికే ఇచ్చాం.

శిబిరం సగం గడిచాక ఒకరోజు, భోజనాల ముందు చేతులు కడిగిస్తున్నాను. ఆ పిల్ల కుళాయి దగ్గర నిలబడి వీపు గోక్కుంటోంది. చెమటకాయలేమో అనుకుని గౌను మెడ పక్కకి జరిపి చూశాను. ఎర్రటి మచ్చలు, వాటి మధ్య నీళ్ళు నిండిన పొక్కులు. చెవి వెనక, జుట్టు లోపల ఇంకొన్ని. చిన్నప్పుడు నాకూ వచ్చింది కాబట్టి ఇంకొకరిని అడగక్కర్లేకపోయింది. అమ్మవారు.

తలతిప్పి చూస్తే మా మరదలు తువ్వాలు పట్టుకుని మా వైపే వస్తోంది.

"అక్కడే ఉండు, ఇటు రాకు" అన్నాను. "నీకు చిన్నప్పుడు అమ్మోరు పోసిందా?"

ఆమె ఆగిపోయింది. "నాకు తెల్దు వదినా. మా అమ్మనడగాల." తర్వాత పిల్ల వైపు చూసి, మెల్లగా అంది. "నిన్న దీనికి నేనే కదా జడేసినాను."

మరదల్ని ఆటో ఎక్కించి పంపించేశాను. పిల్లని పాస్టరుగారి గదిలో కూర్చోబెట్టి అన్నం అక్కడే పెట్టాను. మాకు తెలిసిన డాక్టరమ్మకి ఫోన్ చేస్తే, పొక్కులు కనిపించక ముందే అంటుకునే జబ్బని, అన్నీ ఎండి చెక్కు కట్టేదాకా పిల్లని ఎవరిలోనూ కలపకూడదని చెప్పింది. కడుపుతో ఉన్నామెని వెంటనే తీసుకురమ్మంది.

సంఘ పెద్ద ఒకాయన అక్కడే ఉన్నాడు. వేడి పొక్కులని చెప్పి పిల్లని పంపించేస్తే పోతుందని, ఈ మాట బయటికి వెళ్తే రేపట్నుంచి ఒక్కరూ రారని ఆయన వాదన. చెడ్డ ఉద్దేశం కాదు, ఏళ్ళ తరబడి ఆ శిబిరాన్ని భుజాన మోసినవాడు. ఈ పిల్లల ఇళ్ళలో కడుపుతో ఉన్నవాళ్ళుంటారు, పాలు తాగే పసివాళ్ళుంటారు, చెప్పకపోతే ఎలా అన్నాను. పాస్టరుగారు మాత్రం, "సెప్దాం. మనం సెప్పకపోతే ఎవలు సెప్తారు" అన్నారు.

ఆ మధ్యాహ్నం గేటు దగ్గర నిలబడి, పిల్లల కోసం వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పాను. శిబిరం ఆపేస్తున్నామని, జ్వరం గాని పొక్కులు గాని వస్తే ఇంట్లోనే ఉంచమని. ఎవరి పిల్లకని అడిగారు. చెప్పనన్నాను. కానీ ఎవరు ఒక్కర్తీ వేరే గదిలో తిన్నదో పిల్లలందరూ చూశారు. సందు మలుపు తిరక్కముందే అందరికీ తెలిసిపోయింది.

తల్లి లాడ్జి నుంచి నడిచి వచ్చింది. గౌను ఎత్తి చూసి, కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంది. తర్వాత నన్ను అడిగింది. "మరి రేపట్నుంచి దీన్ని ఎవలికాడ వొగ్గీసి ఎల్లాల?"

భోజనం నేను పంపిస్తానన్నాను.

"కూడు సంగతి కాదమ్మా నేనడిగింది."

పిల్ల మాత్రం ఆఖరి రోజుకి తగ్గిపోతాదా అని అడిగింది. ఈసారి ఆఖరి రోజు లేదని చెప్పాను. "నా వల్లేనా?" అంది. కాదన్నాను. నమ్మలేదు.

మరదలి తల్లి ఫోన్‌లో, కూతురికి చిన్నప్పుడు అమ్మవారు రానేలేదని చెప్పింది. రక్తపరీక్షలోనూ అదే తేలింది. జబ్బు సోకకుండా ఇవ్వాల్సిన ఇంజెక్షను శ్రీకాకుళంలో దొరకలేదు. తమ్ముడు విశాఖపట్నం వెళ్ళి ఐసులో పెట్టించి తెచ్చాడు. ఇంజెక్షను ఇచ్చాక కూడా వారాల తరబడి చూడాలన్నారు. రోజూ పొద్దున్నే ఆమె కిటికీ దగ్గర నిలబడి చేతులు, మెడ, పొట్ట చూసుకునేది. చూసుకుని నాకు ఫోన్ చేసేది. "ఏటీ నేదు వదినా" అనేదాకా నేను కాఫీ కలుపుకునేదాన్ని కాదు. తమ్ముడు ఒక్కసారే అన్నాడు. "నిన్నేటీ అనను గాని అప్పా..." అని ఆగిపోయాడు. ఆ తర్వాత చాలా రోజులు నేను ఫోన్ చేస్తే ఆమే ఎత్తేది, వాడు ఎత్తేవాడు కాదు.

ఈలోగా లాడ్జి మేనేజరు ఆ తల్లిని పనిలోకి రావద్దన్నాడు. తర్వాత ఆ పనికి వేరే మనిషిని పెట్టుకున్నాడు. నేను వెళ్ళి మాట్లాడాను. ఆమెకి చిన్నతనంలోనే వచ్చి తగ్గిందని, ఆమె వల్ల ఎవరికీ రాదని చెప్పాను. కుర్చీ వేసి, మర్యాదగానే విన్నాడు. అరసవల్లి గుడికి దర్శనానికి చంటిపిల్లల్ని ఎత్తుకొచ్చేవాళ్ళు గదుల్లో దిగుతారని, వాళ్ళలో ఎవరికైనా వస్తే ఎవరు జవాబు చెప్తారని అడిగాడు. సంఘ పెద్దకి నేను చెప్పిన మాటలే అతను నాకు చెప్పాడు. లేచి వచ్చేశాను.

ఆ తల్లీకూతుళ్ళ గుమ్మానికి వేపాకు కట్టి ఉండేది. వీధి కుళాయి దగ్గర అందరూ పట్టుకున్నాక గాని ఆమెని బిందె పెట్టనిచ్చేవాళ్ళు కాదు. నేను అన్నం తీసుకెళ్ళినప్పుడల్లా ముందు ఆ బిందెలు నింపేదాన్ని. నేను పడుతుంటే ఎవరూ ఏమీ అనేవారు కాదు, అదే నాకు ఎక్కువ కష్టంగా ఉండేది. పిల్ల చాప మీద పడుకుని, "జడేసిన అక్కకి బాగున్నాదా?" అని అడిగేది. ఎవరు చెప్పారో, ఎంత చెప్పారో తెలీదు.

శిబిరానికి వచ్చినవాళ్ళలో ఇంకొందరికి కూడా పోసింది. ఒకరింట్లో చంటివాణ్ణి ఆసుపత్రిలో చేర్చారు. గండం గడిచింది. నేనూ పాస్టరుగారూ ఆ ఇళ్ళకి వెళ్ళాం. ఒక ఇంటివాళ్ళు కిటికీలోంచి చూసి తలుపు తియ్యలేదు.

పిల్ల ఒంటి మీద చెక్కులన్నీ రాలిపోయాక తల్లి కొత్తవలసలో ఉన్న అక్క దగ్గరికి వెళ్ళిపోతానంది. అక్కడ ఏదో పని చూస్తారట. రైలుకని ఆటో మాట్లాడి ఇచ్చాను. సంచీలు సర్దుకుంటూ అంది. "నువ్వు సెడ్డ పని సేసినావని నేననను. నా పిల్లకి ఇంకొకలు అంటిస్తే నాను కూడా ఊరుకోను. గాని నాకు పని పోనాది, కుళాయి పోనాది. ఆ మాట నీతో కాక ఎవలితో అనాల?"

అనమన్నాను. ఆమె సంచీలు ఎత్తి ఆటోలో పెట్టింది. పిల్ల ఆటో వెనకనుంచి చెయ్యూపింది.

మా మరదలికి ఏమీ కాలేదు. నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది, బాగుంది. తమ్ముడు ఆసుపత్రి వరండాలో పసిదాన్ని నా చేతుల్లో పెట్టి పక్కన కూర్చున్నాడు.

మరుసటి వేసవిలో మళ్ళీ శిబిరం పెట్టాం. మొదటి రోజే ఒక తండ్రి దించి వెళ్ళబోతున్న పిల్లవాడి నుదురు కాలుతోంది. ఎండ వేడి అన్నాడు. నేను చూస్తూ ఉంటే, పొద్దున్న జ్వరం బిళ్ళ వేసి తెచ్చానని ఒప్పుకున్నాడు. ఇంటికి పంపిస్తే ఆ పూట కూలి పోతుందని కూడా చెప్పాడు. నన్ను చూసి భయపడి దాచాడని అర్థమైంది. అతన్ని పనికి వెళ్ళమని, పాటలు ఇంకొకరికి అప్పగించి, పిల్లవాణ్ణి అవతలి గదిలో పడుకోబెట్టి పక్కన కూర్చున్నాను. ఒంటి మీద ఏ పొక్కులూ లేవు. అయినా సాయంత్రం తండ్రి వచ్చేదాకా చొక్కా ఎత్తి చూస్తూనే ఉన్నాను.