ఉన్నారా అండీ?

ఎనభైల చివర్లో నర్సీపట్నంలోని మా పింఛన్ల ఆఫీసుకి మొదటి కంప్యూటర్‌తో పాటు వచ్చిన ప్రోగ్రామర్ గారికి ఒక వింత అలవాటుండేది. పక్కనే కూర్చున్న నన్ను కూడా మాటిమాటికీ "ఉన్నారా అండీ?" అని అడిగేవారు. ఉన్నానని చెప్పేదాకా నా మీంచి చూపు తిప్పేవారు కాదు.

ఆయన రాసిన ప్రోగ్రామూ అంతే. ఒక్కో పేరు అచ్చువేసే ముందు చనిపోయినవాళ్ళ ఫైలంతా మళ్ళీ మొదట్నించీ వెతికేది. డిస్కు గరగరమంటూనే ఉండేది, పింఛన్ల జాబితా మాత్రం కదిలేది కాదు. వరండాలో ముసలివాళ్ళ పడిగాపులు చూడలేక, ఆయన టీకి వెళ్ళినప్పుడు, ఆయన నేర్పిన విద్యతోనే ప్రోగ్రాం మార్చాను. ఫైలు ఒక్కసారి చదివి గుర్తుపెట్టుకుంటే చాలదా? జాబితా ఇట్టే వచ్చేసింది.

తిరిగొచ్చి చూసిన ఆయన మొహం పాలిపోయింది.

"ఒక్కసారే అడిగేసేరేటండీ? ఈలోగా ఎవరైనా పోతేనో?"

"ఇంత బేగి ఎవరు పోతారండీ!" అని నవ్వాను.

ఆయన జాబితా పట్టుకుని వరండాలోకి నడిచారు. ఒక్కొక్కరి ముందూ వంగి, "ఉన్నారా అండీ?" అని అడిగారు.

"ఉన్నాను బాబూ."

"ఉన్నాను బాబూ."

స్తంభానికి ఆనుకుని కూర్చున్న మాకవరపాలెం ముసలమ్మ పలకలేదు. మళ్ళీ అడిగారు. ఆమె కళ్ళు తెరిచే ఉన్నాయి.

ఆయన మెల్లగా నావైపు తిరిగారు.

"ఉన్నారా అండీ?"

ఆయన నా మీంచి చూపు తిప్పలేదు.