మూడో బెడ్ తాలూకు మనిషి

నేను ఆయాగా చేసే వార్డులో పెద్ద సిస్టర్ అంటే డాక్టర్లకే హడల్. నర్సుల అలసట మీద పరిశోధన అంటూ ఏటా ఎవరో ఒకరు ఊడిపడతారు. వాళ్ళ ప్రశ్నలు మారతాయి గానీ మా డ్యూటీలు మారవు.

"మనసు మొద్దుబారినట్టు అనిపిస్తోందా?" అని ఈసారి వచ్చిన అమ్మాయి అడిగితే సిస్టర్ నవ్వేసింది.

"మొద్దుబారకపోతే ఇక్కడ పని సాగుతుందా తల్లీ? పక్కకు జరుగు, సెలైన్ మార్చాలి."

ఆ సెలైన్ సిస్టర్ వాళ్ళమ్మకే. నిమోనియాతో ఆవిడ మా వార్డులోనే మూడో బెడ్ మీద ఉంది. సెలవడిగితే మనుషులు లేరన్నారు. అందుకే సిస్టర్ అందరితో పాటే తల్లినీ చూసుకుంటోంది.

ఆ మధ్యాహ్నమే ఆవిడ ఊపిరి ఆగిపోయింది. డాక్టరు నాడి చూసి తల అడ్డంగా ఊపాడు. సిస్టర్ తల్లి చేతికున్న సూది తీసింది, కళ్ళు మూసింది, దుప్పటి ముఖం మీదికి లాగి చేతులు కడుక్కుంది. తర్వాత ఎప్పటిలాగే వరండాలోకి వెళ్ళి కేకేసింది.

"మూడో బెడ్ తాలూకు ఎవరండీ?"

బెంచీల మీంచి ఎవరూ లేవలేదు.

"మిమ్మల్నే! మూడో బెడ్ తాలూకు ఎవరూ లేరా?" అని విసుక్కుంది.

నేను వెళ్ళి ఆమె భుజం పట్టుకున్నాను.

"మీరేనమ్మా."