ఆనందరావు అడిగిన పండ్లు

ఆళ్లగడ్డ బ్యాండుమేళంలో క్లారినెట్ ఊదే ఆనందరావు మందు మానడానికి వారం వారం నంద్యాల బస్సెక్కేవాడు. మందు మాన్పించడానికి అక్కడి ఆసుపత్రిలో మందులిచ్చేవారు. ఈ విషయంలో తెలుగుభాష ఎవరి పక్షమూ వహించలేదు.

మాత్రలు పనిచేశాయి. చేతివణుకు తగ్గింది, నిద్ర వచ్చింది. అయినా కౌన్సెలింగు చేసే ప్రసన్నకుమారి, "ఇంకేమన్నా కావల్లా ఆనందరావూ?" అని అడిగింది.

ఆనందరావు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని, "పండ్లు మేడం," అన్నాడు.

ఆమె సంతోషించి, రోజూ రెండు అరటిపండ్లు తినమంది. అతడు శ్రద్ధగా వారమంతా తిన్నాడు.

"ఎట్లుంది?" అంది మరుసటి వారం.

"తింటాండా మేడం. గాలి మాత్రం పోతానే ఉంది," అని తువ్వాలు తీశాడు.

ముందరి పైపండ్లు నాలుగూ లేవు. గోస్పాడు పెండ్లిలో తాగి బ్యాండు బండి మీంచి దిగేటప్పుడు, అతడికంటే ముందు అవే దిగాయి. పండ్లు లేనివాడు క్లారినెట్ ఊదలేడు కాబట్టి, మేళం పెద్ద మదార్ అతడి చేతికి గిలక్కాయల్లాంటివి రెండిచ్చి వెనక వరసలోకి పంపాడు.

"ముందర వరసలో నోరు పనిలో ఉంటాది మేడం. యెనకాల ఖాళీ. సీసా ఆడికే వస్తాది," అన్నాడు ఆనందరావు. "ఈ పెండ్లిండ్ల సీజను అయిపోయేలోపల ఊదకుంటే మదారన్న వేరేవాన్ని పెట్టుకుంటాడంట."

మనోధైర్యం గురించి చెప్పబోయిన ప్రసన్నకుమారి, అది ఆపి, అతడిని తానే పండ్ల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది.

కట్టుడుపండ్లతో ఆనందరావు ముందు వరసకు ఎక్కిన మొదటి ఊరేగింపులో, పెండ్లికొడుకు మేనమామ గ్లాసు పట్టుకుని ఎదురుగా వచ్చాడు. మర్యాద క్లారినెట్ దగ్గరే మొదలు కావాలని ఆయన పట్టుదల.

"ఏందప్పా, మర్యాద చేస్తే తీసుకోవా?"

ఆనందరావు కనుబొమలతో నమస్కారం పెట్టి పాట కొనసాగించాడు. పాట అయిపోతే తీసుకుంటాడులే అని మామ పక్కనే నడిచాడు. పాట అయిపోలేదు, మరోదాంట్లోకి మళ్లింది. ఊరేగింపు ఇల్లు చేరింది. పెండ్లికొడుకు దిగాడు, కాళ్లు కడుక్కున్నాడు, లోపలికి పోయాడు. డ్రమ్ములవాళ్లు భోజనానికి కూర్చున్నారు.

"ఆపప్పా, పెండ్లికొడుకు బువ్వ తింటాండాడు," అన్నాడు మదార్.

ఆనందరావు కళ్లతో మామను చూపించాడు. మామ కళ్లతో గ్లాసును చూపించాడు.

మదార్ ఇద్దరినీ చూసి, గ్లాసు అందుకుని మట్టిలో పోశాడు. "రేపు గడివేముల. ముందర్నే నిలబడు," అన్నాడు.

ఆనందరావు తల ఊపాడు. క్లారినెట్ మాత్రం, మామ భోజనాల పందిట్లోకి పోయేదాకా దించలేదు.