ఆగిన అల

నాటకశాలలో ఆమెను అందరూ బొమ్మలక్క అంటారు. పాడేవాళ్ల వెనక తెర మీద వానలూ మంటలూ కదిలే బొమ్మలుగా వేయడం ఆమె పని. తల్లి అక్కడే దుస్తులు కుడుతుంది. "పాట వినడానికొచ్చినోళ్లకి నీ సినిమా ఎందుకే?" అని ఆవిడ సతాయించని రోజు లేదు. చిన్నాచితకా నాటకాలకు, దుప్పటే తెరగా, అరువు ప్రొజెక్టరుతో ఏళ్లు నెట్టుకొచ్చాక బొమ్మలక్కకు పెద్ద వేదిక దక్కింది. మాటలన్నీ పాటగానే సాగే ఒపేరా! చివరి పాట వెనక సముద్రం కావాలన్నారు. తిండీ నిద్రా మాని, ఒడ్డున కెమెరాతో కూర్చుని అలల్ని పట్టుకొచ్చింది.

తీరా రిహార్సల్లో పెద్ద గాయని పాట సగంలో ఆపేసింది.

"ఆ సముద్రమన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి. తేల్చుకోండి!"

ఆవిడకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఎవరికి తెలీదు గనక? దర్శకుడు మెడ గోక్కున్నాడు. "రేపు ఆట మొదలయ్యేలోగా ఆవిడని ఒప్పించమ్మా. లేదంటే నల్లతెరతో కానిచ్చేస్తాం."

బొమ్మలక్క కుట్టుగదికి పోయి తల్లి ముందు కూలబడి ఏడ్చింది. "జనానికి వీపు చూపించనని ఆవిడకి పట్టుదల కదమ్మా. వెనక్కి తిరిగి నా బొమ్మ ఒక్కసారీ చూడకుండానే వద్దంటే ఎలా?"

"ఏడుద్దువు గానీ అటు జరుగు. పట్టుబట్ట తడిసిపోతుంది," అంది తల్లి. అంటూనే చెంగుతో కూతురి మొహం తుడిచింది.

అక్కడే కూర్చుని రిహార్సల్ వీడియో పెట్టుకుంది బొమ్మలక్క. అలవాటుకొద్దీ మొదట తన అలల్నే చూసుకుంది. రెండోసారి గాయనిని చూసింది. అప్పుడు తెలిసొచ్చింది తన నిర్వాకం. అలల్ని గాయని పాత రికార్డింగుకు సరిపోయేలా కత్తిరించింది మరి! గొంతు అదే గానీ ఊపిరి మునుపటిది కాదు. చరణం ఎత్తుకునే ముందు ఆవిడ కాస్త ఆగుతోంది. వాద్యాలవాళ్లూ ఆవిడ కోసం ఆగుతున్నారు. సముద్రం మాత్రం ఆగకుండా ముందే విరుచుకుపడుతోంది. గాయని వెనకబడిందని హాలంతా దండోరా వేసినట్టే! రిహార్సల్‌కని ఎదురుగా కూర్చున్నవాళ్ల మొహాల్ని బట్టే ఆవిడ సంగతి కనిపెట్టేసి ఉంటుంది. సిగ్గుతో బొమ్మలక్క ప్రాణం చచ్చిపోయింది.

మర్నాడు బొమ్మలక్క గాయని మేకప్ గదికి వెళ్లింది. "అమ్మా, ఈసారి సముద్రాన్ని మెషీన్‌కి వదిలెయ్యను. నా చేత్తో నడుపుతా. మీరెంతసేపు ఆగితే అదీ అంతసేపు ఆగుతుంది."

అద్దంలోంచే చూసింది గాయని. "నేనెందుకు ఆగుతున్నానో తెలుసా నీకు?"

"తెలుసండీ."

"ఎవరికి చెప్పావ్?"

"మా అమ్మక్కూడా చెప్పలేదు."

"సరే," అంది ఆవిడ. "ఒక్కరోజు చూద్దాం."

ఆ సాయంత్రం బొమ్మలక్క తెరకేసి చూడనే లేదు. వేలు బటన్ మీద, చూపు గాయని భుజాల మీద. భుజాలు లేస్తే అల పైకి లేచి నిలబడింది. గొంతు విప్పితే విరిగిపడింది. సముద్రం కూడా ఆవిడ చెప్పినట్టు వింటోందని జనం మురిసిపోయారు. ఒక్కరోజన్న ఆవిడ మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఒపేరా ఆడినన్నాళ్లూ సముద్రం ఉంది.

చివరి ఆటతో ఆవిడ పాడటం మానేస్తోంది. ఆఖరి చరణం అయింది, చప్పట్లు మొదలయ్యాయి. ఏనాడూ జనానికి వీపు చూపని మనిషి నెమ్మదిగా వెనక్కి తిరిగింది. బొమ్మలక్క చెయ్యి ఠక్కున ఆగింది. తెర నిండా లేచిన అల అలాగే నిలబడిపోయింది. గాయని తలెత్తి దాన్ని కళ్లారా చూసుకుంది.

ఆవిడ మళ్లీ ఇటు తిరిగేదాకా బొమ్మలక్క అలను వదల్లేదు.