నేలకు ఆనని వీపు

సిద్ధరాములు పైల్వాన్ వీపు నేలకు ఆనదు. ఆయన గురించి మొట్టమొదట తెలుసుకోవలసింది ఇదే. షోలాపూర్‌లో అశోక్ చౌక్ వెనకాల మన నేతగాళ్ల వాడలో ఆయన ఇంటిపేరు తెలియనివాళ్లు ఉండొచ్చు గానీ, ఆయన వీపు సంగతి తెలియనివాళ్లు లేరు.

కుస్తీలో వీపు నేలకు ఆనితే ఓడినట్టు. ఆ లెక్క కుస్తీ నేర్పే తాలీంలో, ఎర్రమట్టి మీద, గోచీ కట్టినప్పటిది. పంచె కట్టుకుని బయటికొస్తే దానితో పనిలేదు. సిద్ధరాములు మాత్రం ఆ లెక్కను బజారుకు, దవాఖానాకు, ఆఖరికి సర్కారు ఎస్టీ బస్సుకు కూడా తీసుకుపోయాడు. బస్సులో సీటు అంచున నిటారుగా కూర్చుంటాడు. అక్కల్‌కోట్ దాకా అలా వెళ్లిరావడం చూసి, వాడలో ఒకాయన ఉండబట్టలేక అడిగాడు.

"సీటుకు ఆనుకుంటే ఏమైతది మామా?"

"సీటు బస్సుకు ఆనింది. బస్సు నేలకు ఆనింది. నన్ను పిచ్చోన్ని చేద్దామని చూస్తున్నవా?"

ఓసారి కడుపునొప్పి వచ్చి డాక్టరు దగ్గరికి పోయాడు. బల్ల మీద వెల్లకిలా పండుకోమన్నాడు డాక్టరు. బోర్లా పండుకుంటానన్నాడు సిద్ధరాములు.

"బోర్ల పండుకుంటే కడుపెట్ల చూడాలె పైల్వాన్?"

"బల్ల కింద దూరి చూడుండ్రి సాబ్. నేనేం వద్దంటలేను."

డాక్టరు ఆయన్ను నిలబెట్టే చూశాడు. నిలబెట్టే మందిచ్చాడు. నొప్పి తగ్గింది, దాంతో సిద్ధరాములుకు ఇంకా ధైర్యం వచ్చింది. భుజం ఆనితే మాత్రం తప్పులేదట. గోడకు ఎడమభుజం ఆనించి, మోకాళ్ల మీద తలపెట్టి, రాత్రంతా కూర్చునే నిద్రపోతాడు. పగలు కార్ఖానాలో ఆయన నేసేవి చద్దర్లు. దేశమంతా వీపు కింద పరుచుకునే చద్దర్లు నేసే మనిషి ఒక్క చద్దరు మీదా వీపు పెట్టడు.

"నా వీపు ఆనిన నాడే నా జమానా ఖతం. అప్పటిదాక ఎవడేం మాట్లాడినా వింట, కానీ ఒప్పుకోను," అనేవాడు.

మాట్లాడటానికి వాడలో మనుషులకు కరువా? చౌక్‌లో చాయ్ హోటల్ దగ్గర సిద్ధరాములు జమానా ఎప్పుడు ఖతమైందనే దాని మీద రోజూ పంచాయితీయే. ఇళ్లలోకి టీవీ వచ్చిన రోజే ఖతమైందని ఒకడు. మోకాలు కిర్రుమన్న రోజే అని ఇంకొకడు. అటుగా పోతున్న సిద్ధరాములు ఆగి, అందరి మాటా శ్రద్ధగా విని, "బర్, మంచిది, మీరు తేల్చుకోండ్రి. తేలినంక నాకు చెప్పుండ్రి," అని మీసం సర్దుకుని పోయేవాడు.

ఈ పంచాయితీలో నవ్వలేని మనిషి ఒక్కడే ఉన్నాడు. వాడు వాసుదేవ్. ఎందుకంటే ఆ జమానాను ఖతం చేసింది తనే.

ఎనభై ఐదో సంవత్సరం నాగపంచమికి తాలీంలో కుస్తీల దంగల్ పెట్టారు. బార్శీ నుంచి, పండరిపురం నుంచి జనం వచ్చారు. పందొమ్మిదేళ్ల వాసుదేవ్ సిద్ధరాములును భుజం మీదికెత్తి, బట్టలుతికినట్టు మట్టిలో వేశాడు. వీపు మట్టిని తాకిన చప్పుడు గోడ మీద కూర్చున్నవాళ్లకు కూడా వినపడింది. తాలీం పెద్ద రాజారాం వస్తాద్ వాసుదేవ్ చెయ్యి పైకెత్తాడు. కింద పడ్డ సిద్ధరాములు లేచి, వాసుదేవ్ చెంప మీద మట్టిచేత్తో తట్టి, "శభాష్ రా. రేపు పొద్దుగాల ఫేటా నా చేత్తోనే కడ్త," అన్నాడు.

ఆ తాలీంలో రివాజు అది. తాలీం ఫేటా అంటే జరీ అంచున్న కుంకుమరంగు తలపాగా. ఓడినవాడు తన నెత్తిమీది ఫేటాను తన చేతులతో గెలిచినవాడికి కట్టాలి. కట్టేదాకా గెలుపు పూర్తి కాదు. రాజారాం వస్తాద్ ఏ విషయంలో మెత్తబడినా ఈ విషయంలో మెత్తబడడు.

మర్నాడు పొద్దున వాసుదేవ్ తలస్నానం చేసి, తల్లి పెట్టిన కుంకుమబొట్టుతో, తాలీంలో తల వంచుకుని కూర్చున్నాడు. సిద్ధరాములు వచ్చాడు. ఫేటా ఆయన నెత్తిమీదే ఉంది.

"నేను ఓడిపోలె," అన్నాడు.

"నిన్న శభాష్ అంటివి గద మామా."

"శభాష్ అన్న. ఓడిన అనలె. నా వీపు ఆనలె, భుజం ఆనింది."

"వీపంత మట్టి ఉండె కదనే."

"చెమట మీదుండె. మట్టి ఎగిరొచ్చి అంటింది. నేను మట్టిని ముట్టలె, మట్టే నన్ను ముట్టింది."

తాలీమంతా ఘొల్లున నవ్వింది. వాసుదేవ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. తిరగవా మరి? ఒళ్లు హూనం చేసుకుని గెలిచినవాడు ఉత్తనెత్తితో ఇంటికి పోవాల్సి వచ్చె. ఆ రోజు నుంచి ప్రతి నాగపంచమి ఊరేగింపులో సిద్ధరాములు ఫేటా పెట్టుకుని ముందు నడవడం, వాసుదేవ్ ఉత్తనెత్తితో వెనక నడవడం. వాసుదేవ్‌కు పెళ్లయింది, కొడుకు పుట్టాడు. కార్ఖానాలో సిద్ధరాములు పక్క సాంచా మీదే పని కూడా దొరికింది. రెండు మగ్గాల చప్పుడులో రోజూ ఒకటే మాట.

"మామా, ఒప్పుకో. ఒక్కసారి."

"దారం తెగింది, సూస్కో."

ఏడేళ్లు ఇలాగే గడిచాక వాసుదేవ్‌కు ఒక ఆలోచన తట్టింది. మనిషన్నవాడు నిద్రలోనైనా ఒరగడా? కూర్చుని పండుకోవడం లోకానికి చూపించే వేషం, తలుపు వెనకాల హాయిగా కాళ్లు చాపి వెల్లకిలా గుర్రుపెడుతుంటాడు, సందేహం లేదు. చూసి పట్టుకోవాలి, పెద్దమనిషి సాక్షి ఉండాలి. రాజారాం వస్తాద్‌ను బతిమాలి, పొద్దున మిల్లు భోంగా మోగకముందే సిద్ధరాములు గల్లీకి తీసుకొచ్చాడు. వస్తాద్ మూల మీద నిలబడి పళ్లు తోముకుంటూ, "నువ్వు పోయి చూడు. పండుకునుంటే పిలువు, వస్త," అన్నాడు.

తలుపు బార్లా తెరిచే ఉంది. మూయడానికి వీల్లేదు, గడప దాకా కాళ్లున్నాయి.

లోపల ఒకటే గది. బీడీ ఆకు గంప పక్కన ఒక ముసలామె, ఆమె పక్కన యల్లమ్మ, యల్లమ్మకు అటూఇటూ ఆమె కొడుకులు, కాళ్ల దగ్గర అడ్డంగా ఇంకొకడు. మధ్యలో చీమ నడవాలన్నా ఒకరిని లేపాలి. యల్లమ్మ కార్ఖానాలో పనిచేసి దగ్గుతో పోయిన మల్లప్ప భార్య, ఆ ముసలామె మల్లప్ప తల్లి. సిద్ధరాములు గడపలో ఎడమభుజం తలుపుచెక్కకు ఆనించి, మోకాళ్లను కావలించుకుని, నోరు తెరిచి నిద్రపోతున్నాడు. పైల్వాన్ అంతటి పైల్వాన్ మూటలా ముడుచుకుని ఉన్నాడు. పైన కొక్కానికి ఫేటా వేలాడుతోంది.

నల్లా దగ్గర్నుంచి బిందెతో వచ్చిన ద్రౌపది, సిద్ధరాములు భార్య, వాసుదేవ్‌ను చూసి నోటి మీద వేలు పెట్టి పక్కకు పిలిచింది.

"లేపకు. గిప్పుడే కన్నంటింది."

"రోజూ గిట్లనేనా అత్తా?"

"నీతోని కుస్తీ పట్టిన రోజు సంది."

"అంటే నా మీద కోపంతోనే..."

"నీ మీద కోపమెందుకురా పిచ్చోడా. ఆ రోజు ఇంటికొచ్చి ఎంత సంబురపడ్డడో నాకు ఎరుక. పోరగాడు మస్తుగ ఎత్తిండే, నన్నెత్తినోడు ఇన్నేండ్లకు పుట్టిండే అని. ఫేటా దులిపి మడతబెట్టిండు, పొద్దుగాల నీకు కట్టాల్నని. చీకటిపడే యాళ్లకు యల్లమ్మ పిల్లలను, అత్తను పట్టుకొని వచ్చింది. మల్లప్ప పోయినంక కిరాయికిచ్చినోడు ఖోలీ ఖాళీ చెయ్యమన్నడట. ఉండమన్నం. అందరం ఒరిగితే ఈయనకు జాగా లేదు. ఇంటి మనిషి కూసుంటే మేమెట్ల పండుకుంటం, స్టేషన్‌కు పోతమని యల్లమ్మ లేచింది. మానం గల్లది, ఎంత చెప్పినా వినలె."

ద్రౌపది బిందె దించి, కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

"గప్పుడు ఈయన అన్నడు, చెల్లే, నేను పైల్వాన్‌ను, నా వీపు నేలకు ఆనొద్దు, ఆనితే నా జమానా ఖతం, ఆ జాగా ఊరికెనే పోతది, మీరు పండుకోండ్రి అన్నడు. అది నమ్మింది. పొద్దుగాల్ల తాలీంల ఓడిన అని నీకు ఫేటా కట్టిండనుకో, పొద్దుమీకి ఏ మొకంతోని కూసుంటడు? యల్లమ్మ మూట కట్టదా?"

ఏడేళ్లు కొరికిన పళ్లను ఇప్పుడు ఎవరి మీద కొరకాలో వాసుదేవ్‌కు తెలియలేదు. మూల మీదికి నడిచి వచ్చాడు.

"ఏమాయె? పండుకున్నడా?" అడిగాడు వస్తాద్.

"లేదు వస్తాద్. కూసునే ఉన్నడు."

"వీపు?"

"ఆనలె."

వస్తాద్ ఉమ్మేసి, పొద్దున్నే నిద్ర చెడగొట్టినందుకు వాడిని గల్లీ దాటేదాకా తిట్టాడు.

తర్వాత వాసుదేవ్ ఒప్పుకొమ్మని అడగడం మానేశాడు. ఆ మౌనానికి సిద్ధరాములే ఇబ్బందిపడి, "ఏందిరా, పాణం బాగలేదా?" అని రెండుసార్లు అడిగాడు.

ఆ చలికాలం యల్లమ్మ పెద్దకొడుకుకు మంచి కార్ఖానాలో పని కుదిరింది. నీలం నగర్‌లో ఖోలీ తీసుకున్నారు. మిట్టమధ్యాహ్నం సామాను చేతిబండి మీదికెక్కింది. యల్లమ్మ ద్రౌపదిని పట్టుకుని ఏడ్చింది, సిద్ధరాములు కాళ్లకు మొక్కింది. బండి మలుపు తిరిగేదాకా ఆయన చెయ్యెత్తి నిలబడ్డాడు. తిరగగానే లోపలికి పోయి ఒక చద్దరు తెచ్చి, గల్లీ నడిమధ్యలో పరిచి, దాని మీద వెల్లకిలా పడుకున్నాడు.

వాడ అదిరిపోయింది. బీడీలు చుట్టే ఆడవాళ్లు చాటలు వదిలేసి పరుగెత్తుకొచ్చారు. ఒకామె మొహం మీద నీళ్లు కొట్టింది, ఇంకొకామె ఏడుపు మొదలుపెట్టింది. ద్రౌపది మాత్రం గడపలో కూర్చుని నవ్వుతోంది.

"ఏడ్వకుండ్రి. నేను చచ్చిపోలె, ఓడిపోయిన. వాసుదేవ్‌ను పిలువుండ్రి, వస్తాద్‌ను గూడ," అన్నాడు సిద్ధరాములు ఆకాశం చూస్తూ.

ఇద్దరూ వచ్చారు. ఫేటా కట్టడానికైనా లెమ్మన్నారు. ఇన్నేళ్లకు నేల దొరికింది, లేచే ప్రసక్తే లేదన్నాడు. వాసుదేవ్ మోకాళ్ల మీద కూర్చుని తల వంచితే, పండుకునే కట్టాడు. అది ఒక చెవి మీదికి జారింది. అయినా వాడ ఈలలు వేసింది, వస్తాద్ వాసుదేవ్ చెయ్యి రెండోసారి పైకెత్తాడు. చాయ్ హోటల్ పంచాయితీ కూడా అక్కడే తేలింది. సిద్ధరాములు జమానా ఫలానా బుధవారం, మధ్యాహ్నం, గల్లీలో ఖతం.

వాసుదేవ్ ఆ ఫేటాతో చౌక్ అంతా తిరిగాడు, సాంచా దగ్గర కూడా తీయలేదు. కొడుకును ఎత్తుకున్నప్పుడు వాడు లాగితే చెయ్యి మీద కొట్టాడు. సిద్ధరాములు ఇంట్లో ఆ గోడ నుంచి ఈ గోడ దాకా కాళ్లూ చేతులూ చాపి నిద్రపోయాడు. కార్ఖానాకు రమ్మని లేపడానికి పోయినవాళ్లు ఆ గురక విని తిరిగొచ్చేవారు.

పదిరోజులైందో లేదో. ఆదివారం పొద్దున వాసుదేవ్ జిలేబీ పొట్లంతో మామ ఇంటికి పోయేసరికి గడప ముందు ఒక రేకుపెట్టె కనిపించింది. సిరిసిల్ల దిక్కు నుంచి పెంటయ్య అనే నేతగాడు వచ్చాడు. ద్రౌపదికి దూరపు చుట్టం. అక్కడ మగ్గం ఆగిపోయిందట. వెంట తల్లి, భార్య, భార్య ఒళ్లో పసిపిల్ల, కొంగు పట్టుకుని ఇంకో ఇద్దరు. లోపల గదంతా పరుచుకుని పడుకున్న పైల్వాన్‌ను చూసి పెంటయ్య పెట్టె మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"వద్దత్తమ్మా, మీకే జాగా లేదు. మేము స్టేషన్ దిక్కు పోతం."

ఆ మాటకు సిద్ధరాములుకు మెలకువ వచ్చింది. లేచి కూర్చున్నాడు. పెంటయ్యను చూశాడు, పసిపిల్లను చూశాడు. ఏదో అనబోయి, వాసుదేవ్ నెత్తిమీది ఫేటా చూసి నోరు మూసుకున్నాడు. నలుగురి ముందు తన చేత్తో కట్టింది. ఇక వీపు ఆనొద్దంటే ఎవరు నమ్ముతారు?

వాసుదేవ్ ఆ మొహం చూశాడు. జిలేబీ పొట్లం పెంటయ్య పిల్ల చేతికిచ్చి, నెత్తిమీది ఫేటా విప్పి, సాపుగా మడతపెట్టి, మామ ఒళ్లో పెట్టాడు.

"ఇదెందుకురా?"

"నిన్నటి సంది మనసుల పీకుతుంది మామా. ఆ రోజు దంగల్‌ల నేను సక్కగ చూడలె. నీ వీపు ఆనలె. భుజమే ఆనింది."

సిద్ధరాములు ఫేటా తీసి నెత్తిమీద పెట్టుకున్నాడు. మీసం సర్దుకున్నాడు. పెంటయ్య చేతిలోంచి రేకుపెట్టె గుంజి లోపల పెట్టి, గడపలోకి జరిగి, తలుపుచెక్కకు ఎడమభుజం ఆనించాడు.

"మరి ఏడేండ్ల సంది నేను చెప్తున్నదేందిరా?" అన్నాడు.