ఉప్పు బోరు, సముద్రపు పొడి

2006 వేసవిలో మత్స్యశాఖ అభివృద్ధి అధికారిగా కడప జిల్లా వేంపల్లె ప్రాంతానికి వెళ్ళాను. తాగునీటికే కటకటలాడే ఊళ్ళలో చేపల అధికారి అంటే జనానికి నవ్వులాట. పత్తికొండలో గుడ్డల అంగడి వాళ్ళింట పుట్టినవాణ్ణి; బేరమాడితే ఎవరినైనా ఒప్పించగలనని నా ధీమా.

అప్పుడు ఓబుల్‌రెడ్డి అనే రైతు కుంటలు రెండింటిలోనూ బొచ్చె, శీలావతి చేపలు ఒంటిమీద ఎర్రపుండ్లు లేచి చస్తున్నాయి. ఆయన బోర్లలో ఒకటి ఉప్పుదేలి చీనీ (బత్తాయి) తోటంతా ఎండిపోతే, మిగిలిన మంచినీళ్ళ బోరును నమ్ముకుని తవ్వించిన కుంటలవి. ఇదీ పోతే భూమి అమ్ముకోవడమే. తవుడులో యాంటీబయాటిక్ కలిపి వేస్తున్నా చావులు ఆగలేదు.

నా దగ్గర, పరీక్షించి చూడమని శాఖ పంపిన కొత్త పొడి ఉంది. అందులో ఉన్నది సముద్రంలో బతికే మేలుచేసే బ్యాక్టీరియా. జబ్బు సూక్ష్మజీవులకు తిండి, చోటు దక్కకుండా చేస్తుంది. బెల్లం నీళ్ళలో నానబెట్టి, ఎండ వచ్చాక చల్లాలి. యాంటీబయాటిక్ ఆపాలి, లేకపోతే అది దీన్నీ చంపుతుంది. కుంటలో కొంత పాతనీరు తీసి కొత్తనీరు పెట్టాలి.

బేరంలో చివరికి ఒక కుంటకు దిగుదామనే, పొడి చల్లడానికి ముందు రెండు కుంటలూ అడిగాను.

"రెండూ మీకిస్తే నేనేం జేయల్ల సార్? ఒగటి తీసుకోండి. మంచి బోరు నాకు, ఉప్పు బోరు మీకు."

"ఉప్పునీళ్ళా అన్నా?"

"సముద్రం పురుగులంటిరి గదా. వాటికి అమ్మగారిల్లు మాదిరి ఉంటాది."

గెలిచాననుకున్న బేరంలో పనికిరాని నీళ్ళు అంటగట్టాడు. అయినా లోపల సంతోషించాను. ఆ బ్యాక్టీరియాకు కాస్త ఉప్పుంటేనే బలం.

కొద్దిరోజులకు నా కుంటలో చావులు ఆగాయి. ఆయన కుంటలో ఆగలేదు.

"ఏది పనిజేసింది సార్, మీ పొడా, నా ఉప్పునీళ్ళా? బిరీన చెప్పండి, ఆడ చస్తాండాయి" అన్నాడు ఓబుల్‌రెడ్డి.

పొడి అయిపోయింది. జవాబు నాకూ తెలియదు. మంచినీటి చేపల పుండ్లకు కొద్దిపాటి ఉప్పు కూడా వైద్యమే. మందు ఆపి, ఉప్పునీళ్ళు పెట్టి, పొడి మాత్రం చల్లకుండా ఉంచిన కుంట ఇంకొకటి ఉండుంటే తెలిసేది. అది అడగాలని బేరగాణ్ణైన నాకు తోచనే లేదు.

"తవుడులో కలిపే మందు ఆపి, ఆ ఉప్పు బోరే నీ కుంటకూ తిప్పన్నా" అన్నాను.

"నా చీనీచెట్లను తినేసిన నీళ్ళు సార్ అవి" అంటూనే తిప్పాడు.

ఆయన కుంటలో చావులు తగ్గాయి గానీ పూర్తిగా ఆగలేదు. రెండు కుంటల్లో కలిపి సగానికి పైగా చేపలు దక్కాయి. భూమి నిలిచింది.

నివేదికలో పొడి గెలిచిందని రాయమన్నారు పైఅధికారి. పొడి వల్లో, ఉప్పు వల్లో, మందు ఆపడం వల్లో తేలలేదని రాశాను. కొత్త మందును పరీక్షించేవాడు, అది వేయని కుంటను కూడా ముందే అడిగి తీసుకోవాలి. ఆ తర్వాత ప్రతిచోటా అడిగాను. చేపలు చస్తుంటే చూస్తూ ఊరికే ఉండమంటే ఏ రైతు ఒప్పుకుంటాడు? ఆ బేరం నేను చాలాసార్లు ఓడిపోయాను.