మామయ్యకు చెప్పని పొడి

మొన్న ఎండుమిర్చి కోసం వన్ టౌన్ బజారుకు వెళ్లినప్పుడు చేతిబండి ఒకటి అడ్డం రావడంతో ఒక మూలికల దుకాణం ముందు ఆగవలసి వచ్చింది. ‘తాగుడు మాన్పించబడును. తాగేవారికి తెలియనవసరం లేదు’ అని అద్దం మీద రాసి ఉంది. ఆ రెండో వాక్యం చూస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఉయ్యూరులో మా మామయ్య చెరకు తోటకు నీళ్లు పెట్టినా, చర్చిలో కానుకల సంచి పట్టినా అంత నిష్ఠగా చేసేవారు మరొకరు లేరు. తాగడంలోనూ అదే నిష్ఠ. నాలుగేళ్ల క్రితం నేను బయోకెమిస్ట్రీ చదువుతూ, కాలేజీ డిబేట్లలో కప్పులు గెలుస్తూ ఉండేదాన్ని. ఈ రెండూ ఒకే మనిషిలో చేరితే ఇంట్లోవాళ్లకు ఎంత ప్రమాదమో అప్పట్లో తెలియదు. ఉల్లిపాయలు తరుగుతున్న అత్తయ్యకు ఒకరోజు ఉపన్యాసమిచ్చాను. మద్యం ఒంట్లో మొదట ఒక విషంగా మారుతుంది, దాన్ని ఒక ఎంజైము విరిచేస్తుంది, ఆ ఎంజైమును అడ్డుకునే పదార్థాలు కొన్ని మొక్కల్లో ఉన్నాయి, అప్పుడు తాగినవాడికి ముఖం కందిపోయి, గుండె దడదడలాడి, తాగాలంటేనే భయం పుడుతుంది, దీన్ని చికిత్సగా మలచవచ్చునేమోనని పరిశోధిస్తున్నారు అని. ఆ ‘నేమో’ దగ్గర నేను కాస్త ఆగి ఉండవలసింది. గెలిచే ఉత్సాహంలో ఆగలేదు.

తరవాతి ఆదివారం, ఆరాధన నుంచి రాగానే మామయ్య తాగే మజ్జిగలో ఏదో వేరుపొడి కలిసింది. మా వైపు ఇది రహస్యం కాదు, ఆచారం. తాగేవాడికి తప్ప అందరికీ తెలుస్తుంది. అమ్మమ్మకు తెలుసు, పక్కింటి పిన్నిగారికి తెలుసు. పాస్టరుగారి భార్య ప్రార్థన కూడా చేసి వెళ్లారట. నాకు తెలిసేసరికి గ్లాసు ఖాళీ.

“మామయ్యకు చెప్పావా అత్తయ్యా?”

“చెబితే తాగుతారా మీ మామయ్య! నువ్వు చెప్పిందేగా అమ్మడూ.”

“అందులో ఏముందో తెలుసా అసలు?”

“మొక్కేగా! మొక్కలో ఏముంటుందే?”

ఒక మనిషి సమ్మతి లేకుండా వైద్యం చేయవచ్చునా అని నేను వంటింట్లో సూత్రాలు వల్లిస్తూ ఉండగానే, మామయ్య పెరట్లో తన సీసా తెరిచారు.

అరగంటలో ముఖం ఎర్రగా కందిపోయింది. వాంతులు, చెమటలు. గుండెపోటేననుకుని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. “ఏం తీసుకున్నారమ్మా?” అని డాక్టరుగారు అడిగితే, “ఏం లేదండీ, మజ్జిగిచ్చాను, అంతే” అంది అత్తయ్య. పొడి సంగతి నేను చెప్పాను. విషం పెట్టింది నేనే అన్నట్టు అందరూ నావైపు చూశారు. “ఈ మాట రాగానే చెప్పాలి కదండీ!” అన్నారాయన.

సాయంత్రానికి మామయ్య తేరుకున్నారు. అత్తయ్యను కాదు, నన్ను పిలిచారు.

“ఇంటిల్లిపాదీ తెగ వాదించుకున్నారంటగా. నన్నొక్కసారైనా అడిగారా?”

“అడిగితే ఏమనేవారు మామయ్యా?”

“ఏమోనే. ఇరవయ్యేళ్లుగా ఎవరూ అడగలేదు.”

తాగుడు మానడానికి వైద్యం చేయించుకుంటారా అని నేనప్పుడు అడిగాను. ఆలోచించి, డాక్టరు దగ్గరకు వస్తానన్నారు. ఆ తరవాత మానారు, మళ్లీ మొదలుపెట్టారు, మళ్లీ మానారు. ఆ పొడి ప్రభావం పూటలో దిగిపోయింది. కానీ అత్తయ్య అదే గిన్నెలోంచి మజ్జిగ పోసుకుని మొదటి గుక్క మింగేదాకా, తన గ్లాసు ముట్టకుండా ఆయన ఎదురుచూసే ఆ అర నిమిషం, నాలుగేళ్లయినా ఒక్క క్షణం కూడా తగ్గలేదు.